నాలుగు పాయింట్లు తక్కువైనవాడు

బైండరుకి యాభై నాలుగేళ్ళు. అందులో ముప్ఫై ఒక్క ఏళ్ళు రెండే రెండు చోట్ల నిలబడి గడిపేశాడని వాళ్ళావిడ అంటూ ఉంటుంది. ఒకటి ప్రింటింగ్ ప్రెస్సు వెనక గదిలో బల్ల ముందు. రెండోది ఫుట్‌బాల్ స్టేడియంలో తూర్పు గ్యాలరీ మూడో మెట్టు మీద, స్తంభం పక్కన. "నా పక్కన నిలబడ్డది మాత్రం పెళ్ళి ఫొటోలోనే" అని కూడా అంటుంది, నవ్వేవాళ్ళు ఎవరైనా దగ్గరుంటే.

ప్రెస్సులో అతని గది చిన్నది. కిటికీ కింద కటింగ్ మిషను, గోడవారగా అట్టల దొంతరలు, మధ్యలో నడుమెత్తు బల్ల. బల్లమీద జిగురు గిన్నె, కుంచె, మైనం పట్టించిన దారం, సూదులు. అచ్చయిన కాగితాలు ఆ గదికి వచ్చేసరికి వట్టి కాగితాలే. వాటిని మడిచి, వరసలో పేర్చి, కుట్టి, వీపుకి జిగురు పూసి, అట్ట వేసి, ఒక రోజంతా బరువు కింద ఉంచితే పుస్తకం అవుతుంది. ఆఫీసు రిజిస్టర్లు, కాలేజీ పిల్లల పరిశోధనలు, నలిగి చిరిగిన నిఘంటువులు, ఏది వచ్చినా ఒకే శ్రద్ధ. పేజీల వరస దగ్గర మాత్రం అతను రాక్షసుడు. ఒక్క కాగితం అటూ ఇటూ అయిందని తెలిస్తే కుట్టు మొత్తం విప్పి మళ్ళీ మొదలుపెట్టేవాడు. కటింగ్ మిషను దగ్గర పనిచేసే ముసలాయన "వదిలెయ్యవయ్యా బాబూ, చదివేవాడు వెతుక్కుంటాడులే" అనేవాడు. బైండరు వినిపించుకునేవాడు కాదు.

టికెట్ల దగ్గర కూడా అతనికి వరసే వేదం. అతని కుర్రతనంలో టికెట్ అంటే స్టేడియం గోడకున్న చిన్న కిటికీ. తెల్లారకముందే వెళ్ళి నిలబడితే, ఎనిమిదింటికి కిటికీ రెక్క పైకి లేచేది. లోపల బట్టతల గుమాస్తా. ముందొచ్చినవాడికి ముందు. వెనకొచ్చినవాడు డాక్టరైనా సరే, వెనకే. ఒకసారి బైండరు జ్వరంతో వెళ్ళలేకపోతే ఆ గుమాస్తా ఒక టికెట్ తీసి సొరుగులో దాచి, సాయంత్రం ఇంటికే పంపించాడు. అది వరస తప్పడం కాదా అని బైండరుకి ఎప్పుడూ తట్టలేదు. అది మంచితనం అనుకున్నాడు.

ప్రతి మ్యాచ్ టికెట్ ముక్కా దాచుకున్నాడు. ఏడాదికి కొన్ని పేజీల చొప్పున అంటించి, కుట్టి, పైన ఆకుపచ్చ గుడ్డ వేసి బైండు చేశాడు. ఇంట్లో బీరువాలో, వాళ్ళావిడ మంచి చీరల పక్కన ఆ పుస్తకం ఉండేది.

తరవాత క్లబ్బు పై డివిజనుకి ఎక్కింది. మెట్లన్నీ కుర్చీలైపోయాయి. కిటికీ మూసి దానిమీద పెద్ద బొమ్మ అంటించారు. బట్టతల గుమాస్తా రిటైరయ్యాడు. ఇకమీదట టికెట్లన్నీ ఫోన్లోనే అన్నారు. అంతటితో ఆగలేదు, పాయింట్లు పెట్టారు. ఒక్కో మ్యాచ్‌కి టికెట్ కొంటే నాలుగు పాయింట్లు. గోల్డు మెంబరుగా చేరితే చేరిన రోజే నలభై. ఏటా లెక్క మళ్ళీ మొదలవుతుంది, గోల్డు వాళ్ళకి మళ్ళీ నలభై. పెద్ద మ్యాచ్ వచ్చినప్పుడు ఎక్కువ పాయింట్లున్నవాళ్ళకి ముందు అమ్ముతారు, మిగిలితే మిగిలినవాళ్ళకి. "విశ్వాసపాత్రులైన అభిమానులకు న్యాయం చేయడానికే" అని క్లబ్బువాళ్ళు ప్రకటించారు. బైండరుకి ఆ మాట నచ్చింది. విశ్వాసపాత్రుడంటే తనే కదా అనుకున్నాడు. మామూలు మెంబరుగా చేరి, కూతురి చేత ఫోన్లో అన్నీ పెట్టించుకుని, సున్నా నుంచి మొదలుపెట్టాడు. అందరూ సున్నా నుంచే అనుకున్నాడు పాపం.

ఇక్కడ అతని తోడల్లుడి గురించి చెప్పుకోవాలి.

తోడల్లుడంటే వాళ్ళావిడ చెల్లెలి మొగుడు. మంచినీళ్ళ ఫిల్టర్లు అమ్ముతాడు. బైండరు కన్నా పదకొండేళ్ళు చిన్నవాడు, రెండు జానల పొడుగు ఎక్కువ. వచ్చాడంటే ఇల్లంతా అతని గొంతే. ఎక్కడ కూర్చుంటే అక్కడ నలుగురు చేరతారు. బైండరు పెళ్ళాం, సొంత మొగుడు చెప్పే జోకులకి "ఊఁ" అని ఊరుకునే మనిషి, ఈ మరిది నోరు తెరిస్తే చాలు, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుతుంది. ఆ నవ్వు విన్నప్పుడల్లా బైండరుకి పంటికింద రాయి పడ్డట్టు ఉండేది. ఆమె నవ్వకూడదని కాదు. తను నవ్వించినప్పుడు ఆ నవ్వు ఎందుకు రాదా అని.

అయినా అన్నేళ్ళూ అతనికొక ధీమా ఉండేది. ఫుట్‌బాల్ మాత్రం తనది. తోడల్లుడికి ఆఫ్‌సైడంటే ఏమిటో తెలియదు. అలాంటివాడు నాలుగేళ్ళ కిందట, పెద్ద కంపెనీవాళ్ళెవరో ఫుట్‌బాల్ మాట్లాడుతున్నారని, ఒక్క మధ్యాహ్నంలో గోల్డు మెంబరైపోయాడు. పడమటి గ్యాలరీలో నీలం కుషన్ కుర్చీ. ఆ తరవాత ప్రతి మ్యాచ్‌కీ సోఫాలో పడుకుని బొటనవేలితో టికెట్ కొనేవాడు. వెళ్ళేది మాత్రం బుద్ధి పుడితేనే. తూర్పు గ్యాలరీలోంచి బైండరుకి ఆ కుర్చీ తిన్నగా కనిపించేది. వాన పడుతున్నా, క్లబ్బు మూడు గోల్స్ తేడాతో ఓడిపోతున్నా, తను తడుస్తూ అక్కడే ఉండేవాడు. ఎదురుగా ఆ నీలం కుర్చీ పొడిగా, ఖాళీగా, పాయింట్లు పోగేసుకుంటూ ఉండేది. బంతి వెంట పరిగెత్తాల్సిన చూపు మాటిమాటికీ అటే పోయేది.

ఆ ఏడాది బైండరు ఒకే ఒక్క మ్యాచ్ తప్పిపోయాడు. తోడల్లుడు కొత్త ఆఫీసు తెరిచిన రోజు అది. "బావగారు రాకపోతే నేను లోపల అడుగు పెట్టను" అని మరదలు పంతం పట్టింది. వెళ్ళాడు. వెళ్ళినవాడికి పని చెప్పారు. మేడ మీద నుంచి ముప్ఫై కుర్చీలు కిందికి దించాడు, వచ్చినవాళ్ళకి టీ కప్పులు అందించాడు. మ్యాచ్ మొదలయ్యే వేళకి తోడల్లుడు అతని భుజం మీద చెయ్యేసి, "అన్నయ్యా, మన వాళ్ళు ఇవాళ గెలుస్తారంటావా?" అని అడిగాడు. మన వాళ్ళట. బైండరు ఖాళీ కప్పులు ఏరడం మొదలుపెట్టాడు. ఆ సాయంత్రం తోడల్లుడే మాటల్లో చెప్పాడు, పొద్దున్నే అలవాటుగా టికెట్ కొనేశానని. ఇద్దరూ ఒకే గదిలో, ఒకే టీ తాగుతూ గడిపిన ఆ మధ్యాహ్నానికి ఒకడికి నాలుగు పాయింట్లు వచ్చాయి, ఇంకొకడికి నడుంనొప్పి వచ్చింది.

ఆ ఏడాదే క్లబ్బు కప్పు ఫైనల్‌కి చేరింది. ఇరవై ఆరేళ్ళ తరవాత. ఫైనల్ వేరే ఊళ్ళో. మన క్లబ్బుకి కేటాయించిన సీట్లు కొద్దే. తొంభై రెండు పాయింట్లు, ఆపైన ఉన్నవాళ్ళకే అమ్ముతామని ఒక గురువారం ఫోన్లో మెసేజి వచ్చింది. బైండరు అప్పుడు జిగురు చేత్తో ఉన్నాడు. చెయ్యి తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని తన లెక్క చూసుకున్నాడు. ఎనభై ఎనిమిది.

ముసలాయన మిషను ఆపి అడిగాడు. "ఏమైందయ్యా, అలా తెల్లబోయావు?"

"ఏం లేదు. నాలుగు తక్కువ."

"నాలుగేం తక్కువ? పేజీలా?"

"కుర్చీలు" అన్నాడు బైండరు. తోడల్లుడి ఆఫీసులో మోసిన కుర్చీల సంగతి తెలియని ముసలాయనకి అర్థం కాలేదు. ఆ రోజు మొదటిసారి బైండరు ఒక రిజిస్టరుకి అట్ట తలకిందులుగా వేశాడు.

ఆదివారం మధ్యాహ్నం తోడల్లుడి కుటుంబం భోజనానికి వచ్చింది. చేతులు కడుక్కోకముందే తోడల్లుడు ఫోను తీశాడు. "చూడన్నయ్యా, టికెట్ వచ్చేసింది! మధ్య గ్యాలరీ, రెండో వరస. నూట ముప్ఫై రెండు పాయింట్లు నాకు. అసలన్ని ఉన్నాయని నాకే తెలీదు!" అంటూ తెర బైండరు ముక్కు ముందు పెట్టాడు. పక్కనుంచి వాళ్ళావిడ కూడా తొంగిచూసింది. "అబ్బ, ఎంత అదృష్టం మరిదిగారూ" అంది. అని, మొగుడి మొహం చూసి నాలిక్కరుచుకుంది.

"మీకూ వచ్చే ఉంటుందిగా బావగారూ?" అంది మరదలు.

"నాకా? నేను ఈసారి అనుకోలేదు. ప్రెస్సులో పని ఎక్కువ" అన్నాడు బైండరు. ఆఫ్‌సైడ్ తెలియని మనిషి రెండో వరసలో కాళ్ళు చాపుకుని కూర్చోవడం కళ్ళముందు కనపడుతూనే ఉంది. మంచినీళ్ళు తాగితే పోతుందేమోనని రెండు గ్లాసులు తాగాడు. కడుపులో మంట అలాగే ఉంది. ఇంకొకటి కూడా జరిగింది. ఆ ఫోను తెరమీద, పేరు కింద, మెంబరు కార్డు నంబరు ఉంది. తొమ్మిది అంకెలు. జీవితమంతా పేజీ నంబర్లు చూసే కన్ను అది. ఒక్క చూపుకే అచ్చు దిగిపోయింది. ఆ రాత్రి ఊరికే ఒక పాత కాగితం మీద రాసి చూసుకున్నాడు.

మర్నాడు సెలవు పెట్టి, ఆకుపచ్చ పుస్తకం సంచిలో పెట్టుకుని క్లబ్బు ఆఫీసుకి వెళ్ళాడు. గాజు తలుపులు, చల్లటి గది, గోడకి ఆటగాళ్ళ నిలువెత్తు ఫొటోలు. కౌంటర్లో ఉన్న అమ్మాయికి ఇరవై అయిదేళ్ళుంటాయి. బైండరు పుస్తకం ఆమె ముందు పెట్టి తెరిచాడు.

"అమ్మా, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా వస్తున్నాను. కిటికీ దగ్గర కొన్నవన్నీ ఇవి. వరసగా ఉన్నాయి, చూసుకో. ఈ మ్యాచ్‌లో మనం అయిదు గోల్స్ తిన్నాం. ఆ రోజు మొత్తం గ్యాలరీలో మేం నలభై మందిమి. నాకు నాలుగు పాయింట్లు తక్కువయ్యాయి. నలభై అడగను. నాలుగే."

ఆ అమ్మాయి వెటకారం చెయ్యలేదు. ఒక్కో పేజీ మెల్లగా తిప్పింది. ఒక చోట ఆగి, "మా నాన్న ఈ మ్యాచ్ గురించి చెప్పేవాడండీ" అంది. తరవాత పుస్తకం మూసి, రెండు చేతులతో వెనక్కి జరిపింది.

"వీటిమీద పేర్లు లేవు కదండీ. ఇవి మీవేనని కంప్యూటరుకి నేనెలా చెప్పను? ఒకవేళ చెప్పినా, పాత టికెట్లకి పాయింట్లు లేవు."

"అంటే నేను రాలేదనా?"

"వచ్చారని నాకు తెలుసండీ. దానికి తెలీదు."

"మరి కొని, రానివాళ్ళ సంగతి దానికి తెలుసా?"

గేటు దగ్గర కార్డు చూపించిన ప్రతిసారీ నమోదవుతుందని చెప్పింది. సగం మ్యాచ్‌లకన్నా తక్కువ వచ్చినవాళ్ళకి ఫైనల్లో ముందు వరస ఇవ్వకూడదనే నియమం కూడా ఉందట. కాకపోతే ఎవరైనా ఫిర్యాదు ఇస్తే తప్ప పాత నమోదులు తిరగేయరు. "చాలామంది ఇస్తున్నారండీ ఈ వారం. కావాలంటే ఈ కాగితం నింపి బయట పెట్టెలో వెయ్యండి. మీ పేరు రాయక్కర్లేదు."

బైండరు ఆ కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకున్నాడు. ఊరికే, అనుకున్నాడు.

మూడు రోజులు ఆ కాగితం పుస్తకంలోనే ఉంది. మూడు రోజులూ అతను తనతో తనే వాదించుకున్నాడు. ఇది తోడల్లుడి మీద కోపం కాదు, నియమం సంగతి. కొన్నవాడు రావాలి. రానివాడి కుర్చీ వచ్చేవాడికి పోవాలి. ఇందులో తప్పేముంది? ఎవరిని అడిగినా ఇదే అంటారు. ఇలా బల్లముందు నిలబడి అంతా సవ్యంగా తేల్చుకునేవాడు. అంతలో నీలం కుర్చీ గుర్తొచ్చేది, దాని వెనకే వాళ్ళావిడ "ఎంత అదృష్టం మరిదిగారూ" అన్న మాట వినిపించేది, వాదన అంతా బూడిదలో కలిసేది. మిగిలేది ఒక్కటే: వాడు వెళ్ళకూడదు. తనకి రాకపోయినా పరవాలేదు, వాడు మాత్రం వెళ్ళకూడదు.

నాలుగోరోజు భోజనాల వేళ, ముసలాయన బయటికెళ్ళాక, అట్టల దొంతర మీద కాగితం పరిచి తొమ్మిది అంకెలూ రాశాడు. సాయంత్రం స్టేడియం వైపు దారి తీసి పెట్టెలో వేశాడు. వేసి రెండడుగులు నడిచి వెనక్కి తిరిగి చూశాడు. పెట్టెకి తాళం ఉంది. వెనక్కి తీసుకునే వీల్లేదని తెలిసి కాస్త తేలికపడ్డాడు కూడా.

వారం తిరగకుండా తోడల్లుడు ఊడిపడ్డాడు. ఈసారి గొంతు లేదు. "టికెట్ రద్దు చేశారన్నయ్యా. ఎవడో నా మీద రాసిచ్చాడట. సగం మ్యాచ్‌లకి రాలేదట నేను. నిజమే అనుకో. కానీ నేనెవడికి ఏం అన్యాయం చేశాను? నా డబ్బుతో నేను కొనుక్కున్నానా లేదా?"

"నువ్వు కొన్నావు తమ్ముడూ. కానీ ఆ కుర్చీ ఖాళీగా ఉందిగా" అన్నాడు బైండరు, నేల చూస్తూ.

"నాకు పనులుండవా? నువ్వంటే ఆదివారం ఖాళీ. నేను ఇల్లిల్లూ తిరగాలి. ఫైనల్ అయినా చూద్దామని పనులన్నీ వాయిదా వేసుకున్నాను." అంత మనిషీ మాట మధ్యలో ఆపి కుర్చీలో కూలబడ్డాడు. బైండరు పెళ్ళాం టీ తెచ్చి అతని చేతికిచ్చింది. ఇస్తూ మొగుడి వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు ఎక్కువసేపు నిలిచింది.

అలా రద్దయినవి వందల్లో ఉన్నాయట. రెండు రోజుల్లో క్లబ్బువాళ్ళు గీత కిందికి దించారు. ఎనభై అయిదు పాయింట్లు, ఆపైన. బైండరుకి టికెట్ వచ్చింది. చివరి వరస, మూల సీటు.

ఫోను చూసి అతను గెంతలేదు. వాళ్ళావిడ వంటగది గుమ్మంలో నిలబడి అడిగింది.

"నువ్వేనా?"

"ఏమిటి నేనేనా?"

"పాత కాగితం మీద ఆ నంబరు రాసుకోవడం చూశాను. ఫోను నంబరనుకున్నాను."

బైండరు ఫోను బోర్లించాడు. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. "చెప్పాల్సింది నువ్వు. నేను చెప్పను" అని లోపలికెళ్ళిపోయింది. ఆ తరవాత రోజూ అన్నం పెట్టేది, బట్టలు తీసి ఉంచేది, కానీ ఇంట్లో ఆవిడ మాటలు సగానికి సగం తగ్గిపోయాయి.

ఫైనల్ రోజు అయిదు గంటలు బస్సులో కూర్చుని వెళ్ళాడు. ఆ స్టేడియం ఎంత పెద్దదంటే, అతని సీటు నుంచి ఆటగాళ్ళు అగ్గిపుల్లల్లా కనిపించారు. పక్కన ఇద్దరు కుర్రాళ్ళు ఆట చూడకుండా తమ ఫొటోలే తీసుకుంటున్నారు. ముందు ఎవడో పెద్ద జెండా పట్టుకుని నిలబడ్డాడు. మొదటి గోల్ మన వాళ్ళు కొట్టారని చప్పుడు వల్ల తెలిసింది, చూడలేదు. ఇరవై ఆరేళ్ళు ఎదురుచూసిన ఆట అది. తన గ్యాలరీ వాళ్ళెవరైనా ఉంటారేమోనని చుట్టూ వెతికాడు. స్తంభం పక్కన తనతో నిలబడే పాత మొహాల్లో ఒక్కటీ లేదు. వాళ్ళకీ పాయింట్లు చాలలేదు కాబోలు.

విరామంలో ఇంటికి ఫోన్ చేశాడు. కూతురు ఎత్తింది. వెనక నుంచి గోలగోలగా ఉంది.

"నాన్నా! చూశావా గోల్! బాబాయి కుర్చీలోంచి ఎగిరి పడ్డాడు!"

"బాబాయి అక్కడున్నాడా?"

"అందరం ఇక్కడే. బాబాయి నీ కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ నవ్వలేక చచ్చిపోతోంది."

ఫోన్లో ఆ నవ్వు వినిపించింది. ఎన్ని రోజులైందో ఆ నవ్వు విని. బైండరు ఫోను చెవికి గట్టిగా నొక్కుకున్నాడు. కడుపులో ఆ పాత మంటే మళ్ళీ రగిలింది. వాడి టికెట్ పీకేయించి తను ఇంత దూరం వచ్చి మూల కూర్చుంటే, వాడు తన ఇంట్లో, తన కుర్చీలో, తన మనుషుల మధ్య కూర్చుని ఇదే మ్యాచ్ ఇంతకన్నా బాగా చూస్తున్నాడు. వాడి దగ్గర ఏం తీసేసినా వాడికి ఇంకేదో మిగులుతూనే ఉంది.

క్లబ్బు గెలిచింది. రెండు - ఒకటి. అందరూ ఏడ్చారు, బైండరూ ఏడ్చాడు. ఎందుకేడ్చాడో అతనికే సరిగ్గా తెలియదు.

ఆ సంగతి లోపల పెట్టుకుని ఆరు వారాలు తిరిగాడు. ఆఖరికి ఒక మధ్యాహ్నం తోడల్లుడి ఆఫీసుకి వెళ్ళాడు. ఫిల్టరు డబ్బాల మధ్య తోడల్లుడు ఒక్కడే కూర్చుని బిల్లులు చూసుకుంటున్నాడు. బైండరు కూర్చోలేదు.

"రాసిచ్చింది నేనే తమ్ముడూ."

తోడల్లుడు నవ్వబోయి ఆగాడు. జోకు కాదని తెలియడానికి కొంచెం టైము పట్టింది.

"నువ్వా?"

"నేనే."

"ఎందుకన్నయ్యా? నన్నడిగితే ఇచ్చేవాణ్ణిగా! ఒక్క మాట అడిగుంటే, నా పేరు మీది టికెట్ నీ పేరుకి మార్పించి నీ చేతిలో పెట్టేవాణ్ణి."

"ఇస్తావని తెలుసు. తెలిసే అడగలేదు."

"అదేం మాట?"

"నువ్విస్తే అది నీ టికెట్ అయ్యేది. నీ దయతో చూసిన మ్యాచ్ అయ్యేది. ముప్ఫై ఒక్క ఏళ్ళు నిలబడ్డవాణ్ణి నేను. నీ దగ్గర చెయ్యి చాపాలా?"

తోడల్లుడు లేచి నిలబడ్డాడు. చేతిలో బిల్లులు బల్లమీద పడేశాడు. "నువ్వు నిలబడ్డావు, నిజమే. నాకు నిలబడే తీరిక లేదు, డబ్బుంది, కొన్నాను. అది తప్పయితే మొహం మీద చెప్పాల్సింది. మా ఇంట్లో తింటూ, నన్ను తమ్ముడూ అంటూ, పేరు లేని కాగితం రాస్తావా? పరాయివాడు రాశాడనుకుని వాణ్ణి తిట్టుకుంటున్నాను ఇన్నాళ్ళూ. వెళ్ళన్నయ్యా. ఇప్పుడు నాతో మాట్లాడకు."

బైండరు వచ్చేశాడు. నాలుగు నెలలు మాటల్లేవు. అక్కాచెల్లెళ్ళు మాత్రం రోజూ ఫోన్లో మాట్లాడుకునేవారు. మధ్యమధ్యలో ఉన్నట్టుండి గొంతు తగ్గించేవారు, అది తన గురించేనని బైండరుకి తెలిసేది.

కొత్త సీజనుకి ముందు క్లబ్బు అభిమానుల సభ పెట్టింది. పాయింట్ల మీద గోల ఎక్కువైందని, ఎవరేమనుకుంటున్నారో వింటామన్నారు. ఒక బడి హాల్లో రెండొందల మంది చేరారు. బైండరు జీవితంలో మైకు పట్టుకోలేదు. ఆ రోజు పట్టుకున్నాడు. టికెట్ కొన్నప్పుడు కాదు, గేటు దాటినప్పుడు పాయింట్లు ఇవ్వాలన్నాడు. డబ్బు కట్టి చేరిన రోజే నలభై ఇవ్వడం తీసెయ్యాలన్నాడు. పాత అభిమానులకి కొన్ని సీట్లు విడిగా ఉంచాలన్నాడు. కొందరు చప్పట్లు కొట్టారు.

వెనక వరసలోంచి తెలిసిన గొంతు లేచింది. తోడల్లుడు. "సగం ఒప్పుకుంటాను. గేటు దగ్గర పాయింట్లు ఇవ్వండి, మంచిదే. కానీ ఆదివారాలు పనిచేసే నర్సు సంగతేమిటి? డ్రైవరు సంగతేమిటి? రాలేకపోతే ముందుగా టికెట్ వెనక్కిచ్చే ఏర్పాటుండాలి. ఇస్తే పాయింట్లు పోకూడదు. ఇంకో విషయం. పేరు లేని ఫిర్యాదులు తీసుకోకండి. రాసేవాడు పేరు రాయాలి." ఆఖరి మాట అంటున్నప్పుడు బైండరు వైపే చూశాడు.

బైండరు చేతిలో ఇంకా మైకు ఉంది. "ఆ మాటకి నేనూ ఒప్పుకుంటాను" అన్నాడు. గొంతు అతనికే వినపడలేదు. ఇంకోసారి గట్టిగా అన్నాడు.

క్లబ్బువాళ్ళు కొన్ని విన్నారు, కొన్ని వినలేదు. గేటు పాయింట్లు వచ్చాయి. టికెట్ వెనక్కిచ్చే ఏర్పాటు వచ్చింది. పేరు లేని ఫిర్యాదులు పోయాయి. నలభై, ఇరవై అయింది. పాత అభిమానులకి విడిగా సీట్లు ఇవ్వలేమన్నారు. సభ అయ్యాక హాలు బయట తోడల్లుడు సిగరెట్టు వెలిగించుకుంటూ, ఎటో చూస్తూ, "బాగానే మాట్లాడావు" అన్నాడు. "నువ్వూ" అన్నాడు బైండరు. నిజానికి చప్పట్లు తోడల్లుడికే ఎక్కువ వచ్చాయి. బైండరు ఆ సంగతి గమనించాడు.

కొత్త నియమం వచ్చాక తోడల్లుడు మారాడు. పంతానికో ఏమో, ఒక్క మ్యాచ్ వదలడం లేదు. వానలో కూడా నీలం కుర్చీలో ముడుచుకుని కనిపిస్తాడు. ఆఫ్‌సైడంటే ఏమిటో కూడా నేర్చుకున్నాడని, బైండరు కూతురికే పాఠం చెప్పాడని ఇంట్లో అన్నారు. ప్రెస్సులో పరీక్షల పని పడి బైండరు మాత్రం రెండు మ్యాచ్‌లు తప్పాడు.

మొన్న ఆదివారం బైండరు స్టేడియానికి కొంచెం ఆలస్యంగా చేరాడు. పెద్ద గేటు ముందు పొడుగాటి వరస. పది మంది ముందు, అందరికన్నా ఎత్తుగా, తోడల్లుడి తల కనిపించింది. అతనూ వెనక్కి తిరిగి చూశాడు.

"అన్నయ్యా, ఇటు రా. నా ముందు నిలబడు."

"వద్దు. వరస వరసే" అన్నాడు బైండరు.

తోడల్లుడు ఒక్క క్షణం ఆలోచించాడు. తరవాత తన చోటు వదిలేసి, పదిమందినీ దాటుకుని వెనక్కి వచ్చి, బైండరు వెనక నిలబడ్డాడు. జేబులోంచి వేయించిన పల్లీల పొట్లం తీసి ముందుకి చాపాడు. బైండరు నాలుగు గింజలు తీసుకున్నాడు. మనసు కాస్త చల్లబడింది. ఆ వెంటనే చిరాకేసింది కూడా. ఈ పని వాడికే ముందు తట్టాలా, తనకెందుకు తట్టలేదా అని. వరస మెల్లగా ముందుకి కదిలింది. ఇద్దరూ దానితో పాటు కదిలారు.